సోమవారం రాసిన సున్నాలు

అక్కకి,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఫోన్ ఉండగా ఈ కాగితాలేమిటని నువ్వు విసుక్కుంటావని తెలుసు. మాది రెండు గదుల ఇల్లు. నేను నీతో మాట్లాడుతుంటే అవతలి గదిలో నాన్న రేడియో కట్టేస్తాడు. ఆయన గురించి ఆయన వింటుండగా ఏం చెప్పను? అందుకే మధ్యాహ్నం భోజనం వేళ ఆసుపత్రి నీళ్ళ గదిలో స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. పోస్టు డబ్బా దాకా నడిస్తే మంచిదని డాక్టరు నాన్నకు చెప్పాడు కాబట్టి దీన్ని డబ్బాలో వేసేది కూడా ఆయనే. తన మీద చాడీలు తనే మోసుకెళ్తున్నాడు పాపం.

నాన్న నీరసించిపోతున్నాడే. డయాలసిస్ మొదలై రెండేళ్ళు. మొదటి ఏడాదంతా ఎంత బాగున్నాడో నువ్వే చూశావు, సెలవులకొచ్చినప్పుడు నీ పిల్లలతో సమానంగా పోట్లాడాడు. ఈ రెండు నెలల్లో మొహంలో రక్తపు చుక్క లేకుండా పోయింది. పది మెట్లెక్కి గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. రక్తం శాతం పది ఉండేది ఎనిమిదైంది, మొన్న ఏడుకి వచ్చింది. సరిగ్గా తినడం లేదని రోజూ సాధిస్తున్నాను. ఆయన తలొంచుకుని వింటాడు. అలా వింటే నాకింకా కోపం.

అసలు నేనక్కడ ఏం చేస్తానో నీకెప్పుడూ అర్థం కాదంటావు కదా, చెప్తాను విను. యంత్రంలో ఒకవైపు మనిషి రక్తం పారుతుంది, మరోవైపు నీళ్ళు పారతాయి. మధ్యలో వెంట్రుక కన్నా పల్చటి పొర. రక్తంలో చెడు ఆ పొర దాటి నీళ్ళలోకి పోతుంది. ఒక్క మనిషికి ఒక్క పూటకి నూట ఇరవై లీటర్లు కావాలి. మనం కుళాయి నీళ్ళు తాగితే కడుపు, పేగులు కాపలా కాస్తాయి. ఇక్కడ కాపలా ఏమీ లేదు, నీళ్ళలో ఏముంటే అది నేరుగా రక్తంలోకే. అందుకని ఊరి నీళ్ళని ముందు ఈ గదిలో కడుగుతాం. రెండు పొడుగాటి నీలం ట్యాంకుల నిండా బొగ్గు ఉంటుంది. నీళ్ళు పాడవకుండా సరఫరా వాళ్ళు కలిపే మందుని ఆ బొగ్గు పీల్చేస్తుంది. రోజూ పొద్దున్నే మొదటి రోగిని కూర్చోబెట్టక ముందు ఒక కాగితపు ముక్కని ఆ నీళ్ళలో ముంచి చూడాలి. తెల్లగా ఉంటే రిజిస్టర్లో సున్నా వేయాలి. గులాబీ రంగు వస్తే మందు మిగిలిపోయినట్టు, ఎవర్నీ కూర్చోబెట్టకూడదు. నేను చేరిన తొమ్మిదేళ్ళలో అది రంగు మారిన పాపాన పోలేదు. సోమవారం కూర్చుని వారం మొత్తానికీ సున్నాలు వేసేసుకుంటాం. గుండ్రంగా సున్నా వేయడంలో నీ చెల్లిని మించినవాళ్ళు లేరు తెలుసా.

నాన్న సంగతి ఇంకొకటి చెప్పాలి. కుర్చీ ఎక్కేముందు అందరూ అక్కడి కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటారు. మొన్న కడుక్కుంటూ కడుక్కుంటూ ఆగి, చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని, "అమ్మాయ్, నీళ్ళలో మందు ఎక్కువైనట్టుందే, వాసనొస్తోంది" అన్నాడు. అంతమంది మధ్యలో. నాకు ఒళ్ళు మండింది. "నువ్వు రిటైరయ్యావు నాన్నా, ఇది నీ పంపుహౌసు కాదు. వచ్చి కూర్చో" అన్నాను. అందరూ నవ్వారు, నాన్న కూడా నవ్వాడు. పక్క కుర్చీలో కూర్చునే టైలరమ్మ మాత్రం "ముప్ఫై ఏళ్ళు నీళ్ళతో కాపురం చేసిన మనిషి, ఊరికే అంటారా" అంది. టైలరమ్మ అంటే మా వార్డుకి పెద్ద దిక్కు. చేతికి సూదులు గుచ్చేలోపు వరండాలో కూర్చుని ఎవరి చొక్కాకు గుండీ ఊడినా కుట్టేసి ఇస్తుంది. మొన్న నాన్న గళ్ళ చొక్కాకు కుట్టింది. తెల్ల దారం అయిపోయిందని ఎర్ర దారంతో కుట్టి, "ఇలా ఉంటే మీ చొక్కా ఎవరూ ఎత్తుకుపోరు" అని ఆయన్ని ఆట పట్టించింది.

నాన్న ఆ వాసన మాట మళ్ళీ ఎత్తలేదు. పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ చెల్లి


అక్కా,

నాలుగు పేజీలు రాస్తే ఒకే ఒక ప్రశ్న వేసి పంపావు. టీచరు బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. "నాన్న ఒక్కడేనా, మీ దగ్గరకొచ్చే అందరూ అలాగే ఉన్నారా?" అని.

చదివి నవ్వాను. డయాలసిస్ వాళ్ళకి రక్తం తక్కువ కాకపోతే ఎక్కువ ఉంటుందా, ఈవిడ స్కూల్లో కప్పల్ని కోసినట్టు అనుకుంటోంది అనుకున్నాను. అయినా చెయ్యి ఊరుకోలేదు. అందరి రిపోర్టులూ తీసి పక్కపక్కన పెట్టాను. మాకు పద్దెనిమిది మంది వస్తారు. పదహారు మందికి తగ్గింది. ముసలివాళ్ళకీ తగ్గింది, పాతికేళ్ళ వాళ్ళకీ తగ్గింది. బాగా తినేవాళ్ళకీ తగ్గింది. అందరికీ ఈ రెండు నెలల్లోనే తగ్గింది. ఇంట్లో నాన్నని తినడం లేదని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

రక్తం పెరగడానికి వేసే ఇంజెక్షన్లు ఫ్రిజ్‌లో పాడయ్యాయేమోనని డాక్టరు అనుమానపడి కొత్తవి తెప్పించాడు. అవీ పనిచేయలేదు. మోతాదు రెట్టింపు చేశాడు. ఇవాళ టైలరమ్మ సూదిలో దారం ఎక్కించలేక నాకిచ్చింది. "కళ్ళు కాదే, చేతులే నావి కానట్టున్నాయి" అంది. ఆ చేతులు చూశాను. గోళ్ళు పలక రంగులో ఉన్నాయి, పెదాలూ అంతే. యంత్రానికి కలిపాక గొట్టంలో ఆవిడ రక్తం చూశాను. తొమ్మిదేళ్ళుగా ఆ ఎరుపు చూస్తున్నదాన్ని, నిద్రలో లేపి చూపించినా గుర్తుపడతాను. అది ఎరుపు కాదక్కా. తుప్పు పట్టిన పైపులోంచి వచ్చే నీళ్ళ రంగు.

అప్పుడు నాకు నీ తెల్ల పువ్వు గుర్తొచ్చింది. ఏడో తరగతి పిల్లల కోసం ఏటా చేస్తావే, సిరా కలిపిన గ్లాసులో పువ్వు పెట్టి తెల్లారేసరికి రేకుల్లో నీలం గీతలు చూపిస్తావే, అది. మొదటిసారి నా మీదే ప్రయోగించావు. నేను పెంచుకున్న పువ్వు పాడు చేశావని రోజంతా ఏడ్చాను. నువ్వు పక్కన కూర్చుని ఎంతో ఓపికగా చెప్పావు. నీళ్ళు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని కాడలోంచి పైకి ఎక్కుతాయి. వాటికి ఎవరి మీదా పగా లేదు, ప్రేమా లేదు. దారిలో ఏది కరిగితే దాన్ని కలుపుకుని మోసుకుపోతాయి. పువ్వుకి కావాల్సింది మోసినట్టే అక్కర్లేనిదీ మోస్తాయి. పువ్వు వద్దనలేదు అన్నావు. నేను నీ జడ పట్టి లాగాను, అది వేరే సంగతి.

పదహారు మందికీ ఇక్కడ ఉమ్మడిగా ఉన్నది ఏమిటో నీకు వేరే చెప్పక్కర్లేదు. నేను ఇప్పుడు ఆ ట్యాంకుల పక్కనే కూర్చుని రాస్తున్నాను. చల్లగా ఉంటుందని ఈ గది నాకు ఇష్టం. ఇవాళ గోడకి ఆనుకుని కూర్చున్నాను, వాటికి వీపు పెట్టబుద్ధి కాలేదు.

పరీక్ష చేద్దామని కాగితాల డబ్బా వెతికాను. అలమారా వెనక దొరికింది. గడువు దాటి పదకొండు నెలలైంది. సీలు కూడా తీయలేదు. కొత్త డబ్బా కావాలని ఇన్‌ఛార్జ్ సిస్టర్ని అడిగాను. రేపు మధ్యాహ్నానికి తెప్పిస్తానంది. "ఎందుకంత తొందర?" అంది. ఏం లేదులే అన్నాను.

రేపు చూస్తాను. ఏమీ ఉండదులే.

నీ చెల్లి


అక్కా,

టైలరమ్మ చనిపోయింది.

ఒంట్లో నీరు దిగలేదని డాక్టరు అదనంగా ఇంకో పూట రాస్తే మంగళవారం పన్నెండింటికి మళ్ళీ కుర్చీ ఎక్కింది. నేనే సూదులు పెట్టాను. మూడో గంటలో ఛాతీ పట్టేసినట్టుంది అంది, ఊపిరి అందడం లేదంది. యంత్రం ఆపాం, ఆక్సిజన్ పెట్టాం, డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. నా చెయ్యి పట్టుకుని "మా ఆయనకి కబురు చెయ్" అంది. ఆయన వచ్చేసరికి అంతా అయిపోయింది. సరిగ్గా అప్పుడే ఆఫీసు ప్యూను కాగితాల కొత్త డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టి సంతకం చేయమన్నాడు. సంతకం చేశాను. ఏం చేస్తున్నానో తెలియకుండా చేశాను.

అందరూ వెళ్ళాక నీళ్ళ గదిలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టుకున్నాను. కుళాయి పావుగంట వదిలి, కాగితం ముంచాను. లేత గులాబీ కూడా కాదక్కా. డబ్బా మీద రంగుల పట్టీ ఉంటుంది, అందులో చివరి గడి రంగు వచ్చింది. ఇంకోటి ముంచాను. ఇంకోటి. ఎనిమిది కాగితాలు ముంచి నేల మీద వరసగా పెట్టుకుని కూర్చున్నాను.

నీకు ఒక అబద్ధం రాశాను. సున్నాలు వేసుకుంటాం అన్నాను. వేసుకోవడం లేదు, వేస్తున్నాను. ఆ అలవాటు నాది. మిగతావాళ్ళకి నేర్పింది కూడా నేనే. రెండేళ్ళ కిందట నాన్నకి డయాలసిస్ మొదలైనప్పుడు పొద్దున్నే ఆయన్ని తయారు చేసి, ఆటో ఎక్కించి, నేను ఆరింటికి డ్యూటీలో ఉండాలి. పరీక్షకి అరగంట పడుతుంది. ఎప్పుడూ తెల్లగా ఉండేదానికి అరగంట ఎందుకని మొదట రోజు విడిచి రోజు చేశాను. తర్వాత సోమవారం ఒక్కరోజు. తర్వాత సోమవారం కూడా కాదు, ఆ రోజు సున్నాలు మాత్రం వేసేదాన్ని. పదకొండు నెలలుగా ఆ నీళ్ళని ఒక్కరూ చూడలేదు. నాన్న కోసం మిగుల్చుకున్న అరగంట నాన్న రక్తాన్నే తినేసింది.

ఇంకా ఉంది. సోమవారమే నాకు అనుమానం వచ్చింది. ఆ క్షణమే యంత్రాలన్నీ ఆపండి అని అరవొచ్చు. ఎందుకు ఆపాలని అడిగితే సీలు తీయని డబ్బా చూపించాలి. అందుకని ఒక్కరోజు ఆగుదామనుకున్నాను. నా పరువు కోసం ఆగాను. ఆ ఒక్కరోజులో ఆవిడ పోయింది.

ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి కాగితాలు చూపించాను. మొహం పాలిపోయింది. ఆవిడ బల్ల సొరుగులోంచి ఒక సర్క్యులర్ బయటికొచ్చింది. వేసవిలో మందు మార్చి మోతాదు పెంచుతున్నాం, ఆసుపత్రులు గమనించాలి అని నీళ్ళ సరఫరా వాళ్ళు రెండు నెలల కిందటే పంపారు. ఫైళ్ళ కింద పడి ఉంది. మర్నాటికల్లా బొగ్గు మార్పించింది. ఇప్పుడు కాగితం ముంచితే తెల్లగానే ఉంది, నేను గంటకోసారి చూస్తున్నాను. తర్వాత నన్ను పక్కకి పిలిచి మెల్లగా చెప్పింది. "ఆవిడ గుండె ముందే బలహీనం. కారణం అదే రాద్దాం. రిజిస్టర్లో సున్నాలున్నాయిగా, ఎవరూ అడగరు. నీకూ మంచిది, నాకూ మంచిది."

ఉన్నాయి. చావు జరిగిన మంగళవారానికీ ఉంది, బుధవారానికీ ఉంది, ఇంకా రాని శనివారానికి కూడా ఉంది.

ఏం చేయమంటావో రాయి.

చెల్లి


అక్కా,

నువ్వు "చెప్పేయ్" అని రాస్తావని తెలుసు. రాశావు కూడా. ఆ మాట రాయడానికి నీకు ఎంత కష్టమైందో అక్షరాలు చూస్తేనే తెలిసింది. కానీ నేను చెప్పడం లేదు.

కోప్పడక విను. నిజం బయటపడితే మా వార్డు మూసేస్తారు. ఇంకో డయాలసిస్ సెంటరు ఉన్నచోటికి బస్సులో నాలుగు గంటలు, అక్కడ ఖాళీ కుర్చీ కోసం యాభైమంది ఎదురుచూస్తున్నారు. నాన్న వారానికి మూడుసార్లు ఎలా వెళ్తాడు? ఒక్క వారం తప్పితే నీళ్ళన్నీ ఒంట్లోనే నిలిచిపోయి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. ఎలా పోతారో నేను చూశాను. నన్ను జైల్లో పెడితే పెట్టనీ, పెద్ద లెక్క కాదు. నాన్న కుర్చీ పోకూడదు.

నిన్న టైలరమ్మ భర్త వచ్చాడు. ఆవిడ సంచీ మా దగ్గరే ఉండిపోయింది, దారపు రీళ్ళు, గుండీల డబ్బా. తీసుకుంటూ "చివర్లో మీరే ఉన్నారట కదమ్మా, బాగా బాధపడిందా? అసలు ఎందుకైంది?" అని అడిగాడు. గుండె అన్నాను. "ఎప్పుడూ గుండె నొప్పి అనలేదే" అన్నాడు. నన్ను అనుమానించి కాదు, ఊరికే అన్నాడు. వెళ్తూ నాకు దండం పెట్టాడు. అక్కా, ఆయన నాకు దండం పెట్టాడే.

ఇంకా భయంకరమైన సంగతి చెప్పనా? అందరూ బాగవుతున్నారు. నాన్నకి నిన్న ఏడున్నర వచ్చింది. మెట్లు ఎక్కి నవ్వాడు. మా రోగుల్లో ఒక కండక్టరు గారు ఉన్నారు, నేను వేసే ఇంజెక్షన్ల వల్లే అని నన్ను మెచ్చుకున్నారు. వాళ్ళ బుగ్గల్లోకి వచ్చే ఎరుపు చూడలేక తల తిప్పుకుంటున్నాను. వాళ్ళు ఎంత బాగుపడితే నేను చేసింది అంత రుజువవుతోంది, ఆ రుజువు చదవడం తెలిసినవాళ్ళు లేరు కాబట్టి సరిపోయింది.

సూపరింటెండెంటు గురువారం రిజిస్టరు చూస్తారట, మామూలు తనిఖీ. చూసి సంతకం పెట్టేస్తే అయిపోతుంది. ఒక్కటే అడుగుతున్నాను, నాన్నకి మాత్రం తెలియనివ్వకు. తెలిస్తే ఆయన మళ్ళీ ఆ కుర్చీ ఎక్కడు. నీ పిల్లల మీద ఒట్టు.

నీ చెల్లి


పెద్దమ్మాయికి నాన్న దీవెనలు.

నేను ఉత్తరం రాసి ఇరవై ఏళ్ళు దాటి ఉంటుంది. అక్షరాలు వంకరగా వస్తున్నాయి, సర్దుకుని చదువుకో. చిన్నది రాసిన ఉత్తరాలన్నీ డబ్బాలో వేసింది నేనే. ఒక్కటీ తెరవలేదు. తెరవాల్సిన పని లేదు, అందులో ఏముందో నాకు తెలుసు.

నా కుర్చీకి ఎదురుగా నీళ్ళ గది కిటికీ. సోమవారం సోమవారం అది లోపల కూర్చుని రిజిస్టరు రాయడం చూసేవాణ్ణి. కుళాయి తిప్పడం చూడలేదు, ఏదీ ముంచడం చూడలేదు. ఒక వరసకి ఒక సంఖ్య రాస్తే చెయ్యి ఒకసారి కదులుతుంది. దాని చెయ్యి ఏడుసార్లు కదిలేది. పంపుహౌసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు మందు కలిపిన వాణ్ణి, నీళ్ళ పుస్తకం ఎలా రాస్తారో తెలియదా. నేనూ ఒకట్రెండుసార్లు అలా రాశాను. మా దగ్గర ఎవరికీ ఏమీ కాలేదు, అంతే తేడా.

ఆ రోజు కుళాయి దగ్గర వాసన తగిలింది. ఒక్కసారి చెప్పాను. నలుగురిలో దాన్ని చిన్నబుచ్చాననిపించింది. ఇంటికొచ్చాక నిలదీద్దామనుకున్నాను. అది నా కాళ్ళు నొక్కుతూ కూర్చుంది. రోజూ తెల్లవారకముందే లేచి నాకు నీళ్ళు కాచి, బట్టలు తొడిగి, అది సగం తిని పరిగెత్తడం నేను చూస్తూనే ఉన్నాను కదా. నా వల్లే ఆ పిల్లకి టైము లేదు, నేనే పోయి దాని ఉద్యోగం పోగొట్టనా అనుకున్నాను. నా ఒంట్లో ఏం జరుగుతోందో నాకు తెలుస్తూనే ఉంది. పోతే పోతాను, ఎటూ పోవాల్సిన వాణ్ణే అనుకున్నాను. పక్క కుర్చీకి కూడా అదే పైపు వెళ్తుందని నాకు తెలుసు. తెలిసి కూడా ఆలోచించలేదు. ఇది రాయడానికే కూర్చున్నాను, ఇదే రాయలేకపోతున్నాను.

నా కోసమని అది నోరు మూసుకుంది. దాని కోసమని నేను నోరు మూసుకున్నాను. మా ఇద్దరి ప్రేమా కలిసి ఆవిడ్ని చంపింది.

నిన్న సాయంత్రం టైలరమ్మ భర్త దగ్గరికి వెళ్ళాను. వాళ్ళ కుట్టు దుకాణంలోనే వెనక గది వాళ్ళ ఇల్లు. మిషను మీద సగం కుట్టిన బట్ట అలాగే ఉంది. ఆయన నాకు కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను, నీళ్ళ సంగతి, సున్నాల సంగతి, నాకు తెలిసిన సంగతి. ఆయన మిషను మీది బట్ట తీసి మడతపెట్టాడు. "మీ అమ్మాయి నాతో గుండె అంది" అన్నాడు. అవును, అంది అన్నాను. "మీరిక వెళ్ళండి" అన్నాడు.

ఇంటికొచ్చి చిన్నదానితో చెప్పాను. అది నన్ను కొట్టినంత పని చేసింది. "నీ కుర్చీ పోతుంది నాన్నా, నీకు అర్థమవుతోందా" అంటూ గోడకి తల బాదుకుంది. అర్థమైందమ్మా అన్నాను. తర్వాత నా ఒళ్ళో తల పెట్టుకుని చిన్నప్పటిలా ఏడ్చింది. తెల్లారాక లేచి మొహం కడుక్కుని "పద" అంది. ఆ ఒక్క మాటే అంది.

ఇవాళ గురువారం. పదింటికి సూపరింటెండెంటు దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం. రిజిస్టరు అది పట్టుకుంటుంది, సీలు తీయని ఆ పాత డబ్బా నేను పట్టుకుంటాను. వార్డు మూస్తే మిగతా పదహారు మందికీ ముందు ఎక్కడైనా చోటు చూపించమని అడుగుతాను. నా పేరు చివర్లో రాయమని అడుగుతాను. నా కూతురికి ఏ శిక్ష వేసినా పక్కన ఎవరో ఒకరు ఉండాలి. నేను ఎన్నాళ్ళుంటానో చెప్పలేను కాబట్టి నువ్వు సెలవు పెట్టి రా. దాన్ని ఏమీ అనకు. నన్నూ అనకు, నన్ను అనాల్సినవాళ్ళు వేరే ఉన్నారు.

తయారయ్యాను. గళ్ళ చొక్కా వేసుకున్నాను. పై నుంచి మూడో గుండీ ఎర్ర దారంతో ఉంది. గట్టిగా కుట్టింది, లాగి చూశాను, ఊడి రాలేదు.

ఇది కూడా దారిలో నేనే డబ్బాలో వేస్తాను.

నీ నాన్న